రెండో పిలుపు

మా ఊరి గ్రూపుకి అడ్మిన్‌ని నేనే. ఈ మాట ఇప్పుడు నవ్వుకుంటూ రాస్తున్నాను గానీ, నెట్టు చౌకైన కొత్తలో నవ్వుతూ చెప్పుకోలేదు. ఎవరైనా కొత్తవాళ్లు కనిపిస్తే మాట మధ్యలో ఎలాగోలా ఇరికించి మరీ చెప్పుకునేవాణ్ణి.

మాది కోటబొమ్మాళి స్టేషన్లో దిగి ఆటో ఎక్కితే వచ్చే ఊరు. పల్లంలో వరి, మెట్టన నువ్వులు, గోగు. నేను విజయనగరంలో ఒక ఆఫీసులో గుమాస్తాని. టచ్ ఫోను ఊరందరికన్నా ముందు కొన్నది నేనే కాబట్టి, తర్వాత ఒక్కొక్కరూ కొంటున్నప్పుడల్లా వాళ్లని గ్రూపులో చేర్చే పని కూడా నాకే వచ్చింది. ఊళ్లోవాళ్లే కాదు, చెన్నైలో తాపీపని చేసేవాళ్లు, హైదరాబాదులో కాపలా పనికి పోయినవాళ్లు, గల్ఫులో వెల్డింగ్ చేసేవాళ్లు అందరూ వచ్చి చేరారు. ఏళ్ల తరబడి ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు పొద్దున్నే గులాబీ పువ్వుల బొమ్మలు పంపుకునేవారు.

ఆ రోజులు నిజంగా బాగుండేవి. ఒకరి గేదె తప్పిపోతే దాని ఫొటో పెట్టారు. సాయంత్రానికి పక్క ఊరివాళ్లు పలుపు పట్టుకుని తోలుకొచ్చారు. చెన్నైలో ఉన్నాయన తన పొలంలో వాన పడుతున్న వీడియో చూసి, తను కడుతున్న మేడ మీద నిలబడి తువ్వాలు తిప్పుతూ ఇంకో వీడియో పెట్టాడు. దాన్ని ఊరంతా మళ్లీ మళ్లీ చూసి నవ్వింది. ఇదంతా నా వల్లే జరుగుతోందని నాకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నన్ను పాడుచేసింది. అంతకు ముందు ఆదివారం వస్తే పాసెంజరు ఎక్కి ఊరు వెళ్లేవాణ్ణి. గ్రూపు వచ్చాక మానేశాను. రోజూ ఊళ్లోనే ఉన్నట్టు ఉండేది మరి. ఎవరి ఆవు ఈనిందో, ఎవరింట్లో జ్వరాలో విజయనగరంలో కుర్చీలో కూర్చునే తెలుస్తుంటే రైలెక్కడం ఎందుకు? ఊళ్లో ఉండే మా అన్నయ్యకి బటన్ల ఫోనే. వదినకి అదీ లేదు. మా అమ్మ పోయాక నాకు అన్నం పెట్టి పెంచింది వదినే. ఓసారి అన్నయ్య ఫోనులో మాట్లాడుతూ అంది:

"ఒరే, నువ్వు రోజూ ఫోన్లో కనిపిస్తన్నావని ఊరంతా సెప్తన్నాది. మాకు తప్ప అందరికీ కనిపిస్తన్నావు."

నేను నవ్వేసి, సెలవు దొరకలేదని చెప్పాను. సెలవులు బోలెడున్నాయి.

ఇంకో పని కూడా చేశాను. చిన్నప్పటినుంచీ నాతో తిరిగినవాడు, వరసకి బావ, ఊళ్లో ట్రాక్టరు నడుపుతాడు. నేను పొద్దున్నే గ్రూపులో పెట్టే మంచిమాటల కింద వాడు రోజూ ఏదో ఒకటి రాసేవాడు. ఒకరోజు "కష్టే ఫలి గురించి తర్వాత సెప్పుదువు గాని బావా, ముందు మీ అన్న వరి ఊడుపులకి మనుషులు సాలక సస్తన్నాడు, వచ్చి నాలుగు మళ్లు ఊడ్చు" అని పెట్టాడు. దానికి ఊరంతా పళ్లికిలించిన బొమ్మలు పెట్టింది. నేను వాణ్ణి గ్రూపులోంచి తీసేశాను. వేలితో నొక్కడమే కాబట్టి మనిషిని బయటికి గెంటినట్టు నాకనిపించలేదు.

ఇలా ఉండగా వదిన డాబా పూర్తయింది.

ఆ ఇల్లు ఎంతకాలం కట్టారో అంతకాలమూ ఆమె పాత తాటికమ్మల ఇంట్లోనే వండింది. ఒక ఏడు గోడలు, ఒక ఏడు శ్లాబు, పంట బాగుంటే ప్లాస్టరింగు. పాత ఇంటి అరుగు మీద నలుగురు కూర్చుంటే ఐదోవాడు నిలబడాలి. అందుకే మా ఇంట ఎప్పుడూ ఊరి భోజనం జరగలేదు. వదిన అందరి శుభకార్యాలకీ వెళ్లి తినొచ్చేది. తినొచ్చాక మాత్రం ఓ మాట అనేది: "అందరింటా తినడమే అయిపోతన్నాది. ఓ పూట ఊరంతటినీ మనింట కూకోబెట్టాల." ఆమె డాబా కోరిందీ అందుకే. గదులు ఎలా ఉండాలని మేస్త్రీ అడిగితే, ముందు భోజనాల బంతులు వెయ్యడానికి వాకిలి ఎంత ఉండాలో చెప్పిందట.

ఇక్కడ మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. శుభకార్యానికి మాకు రెండు పిలుపులుంటాయి. మొదటిది నాలుగు రోజుల ముందు ఆడవాళ్లు బొట్టు పెట్టి పిలవడం. రెండోది ఆ రోజున వంటలయ్యాక, విస్తర్లు పరిచాక, ఆ ఇంటి మనిషి ఒకడు గుమ్మం గుమ్మానికీ వెళ్లి "వంటలైనాయి, రండి" అనడం. ఈ రెండో పిలుపు రాకుండా ఎవరూ కదలరు. స్నానాలు చేసి, మంచి బట్టలు కట్టుకుని, పిల్లలకి పౌడరు కూడా రాసి, అరుగుల మీద కూర్చుంటారు తప్ప వీధిలో అడుగు పెట్టరు. పిలవకుండా వెళితే ఆకలికి ఆగలేక వచ్చారంటారు. ఇది ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు గానీ, మాలో తెలియనివాడు లేడు.

నాకూ తెలుసు. చాలా బాగా తెలుసు. రెండో పిలుపు ఇంటాయన తమ్ముడి పని, అంటే నా పని.

వదిన బొట్టు పెట్టి ఇల్లిల్లూ తిరిగింది. పిలుపు సంగతి వచ్చేసరికి నేను అన్నయ్యతో, "ఈ రోజుల్లో తిరగడం ఎందుకు అన్నియ్యా? గ్రూపులో పెడితే క్షణంలో అందరికీ అందిపోతాది" అన్నాను.

అన్నయ్య కాసేపు తువ్వాలు దులుపుకున్నాడు. "వస్తారంటావా?"

"ఎందుకు రారు? ఫోను లేని కొంప నేదు కదా."

"నువ్వు సదువుకున్నోడివి. నీకు తెలుస్తాది" అన్నాడు. అసలు సంగతి వేరు. ఎండలో ఊరంతా తిరిగితే కొత్త పంచె మాసిపోతుందని, ఆ సేపట్లో ఫొటోలు తియ్యడం కుదరదని నా బాధ.

గృహప్రవేశం తెల్లవారుజామున జరిగింది. ముందు ఆవుని ఇంట్లోకి నడిపించారు. అది కొత్త గచ్చు మీద పేడ వేస్తే అందరూ సంతోషించారు. పాలు పొంగాయి. వదిన కొత్త చీరలో పొయ్యి దగ్గర నిలబడి, పొంగిన పాలకేసి కళ్లప్పగించి చూసింది. నేను ఆ పాలనీ ఆవునీ పేడనీ కూడా గ్రూపులో పెట్టాను. మధ్యాహ్నానికి పెరట్లో వంటలయ్యాయి. ముద్దపప్పు, వంకాయ కూర, ఆవ పెట్టిన పనసపొట్టు కూర, గుమ్మడికాయ దప్పళం, గంపెడు బూరెలు. వాకిట్లో పందిరి కింద అడ్డాకు విస్తర్లు వరసగా పరిచారు. నేను బూరెల గంపని మూడు వైపులనుంచీ ఫొటో తీసి, దాని కింద "భోజనాలు సిద్ధం. అందరూ విచ్చేయగలరు" అని రాసి పంపాను.

ఫోను ఆగకుండా మోగింది. బొటనవేళ్లు, దండాలు, గుండెలు. "బూరెలు అదుర్స్" అని హైదరాబాదు. "మాకూ పార్సిలు పంపండి" అని గల్ఫు. ఊళ్లోవాళ్లు కూడా వరసగా బొటనవేళ్లు పెట్టారు.

పెరట్లోంచి వదిన వచ్చింది. "పిలుపుకెల్లొచ్చీసినావు కదా?"

"అయిపోయింది వదినా" అన్నాను ఫోనులోంచి తలెత్తకుండా.

ఎవరూ రాలేదు.

మొదట బట్టలు మార్చుకుంటున్నారేమో అనుకున్నాం. వడ్డన గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్లు వాటిని కింద పెట్టారు. గాలికి విస్తర్లు లేస్తుంటే వాటి మీద గులకరాళ్లు పెట్టాం. వంటాయన వచ్చి, "ఏటి బాబూ, వడ్డించీమంటారా, మూతలెట్టీమంటారా?" అని అడిగాడు. నేను "త్వరగా రండి" అని ఇంకో మెసేజీ పెట్టాను. దానికి ఇంకా ఎక్కువ బొటనవేళ్లు వచ్చాయి.

వదిన కాళ్లు కడగడానికి నీళ్ల బిందె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. కాసేపటికి బిందె దించి వీధిలోకి తొంగిచూసింది. మళ్లీ ఎత్తుకుంది. చివరికి అన్నయ్య దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది: "ఎవులికైనా బొట్టెట్టడం మర్సిపోనానేటి? ఊరంతటికీ నామీద ఇంత కోపమేటి?"

ఆ మాట విన్నాక నా చేతిలో ఫోను మోగుతుంటే సిగ్గేసింది. మనిషి జీవితంలో ఒక్కసారి ఊరికి అన్నం పెడదామనుకుంటే, ఆ ఊరు ఎందుకు రాలేదో తెలియక తనలోనే తప్పు వెతుక్కుంటోంది. తప్పు చేసినవాణ్ణి నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను.

"నువ్వేం సెయ్యలేదు వదినా. నాను పిలుపుకి ఎల్లనేదు. ఇందులో పెట్టినాను" అని ఫోను చూపించాను.

ఆమె అందులోకి చూసింది. "ఈ సేతులేటి?"

"దండం పెట్టినారు."

"దండాలెట్టి ఇంటికాడ కూకున్నారన్న మాట." నా ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. నా భుజం మీద తువ్వాలు సరిచేసి, "ఎల్లు. బేగి ఎల్లు" అంది.

ఎదురింటి మావ అరుగు మీదే ఉన్నాడు. తలకి నూనె, ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. అందులో మా బూరెలు.

"ఏటి మావా, ఇక్కడే కూకున్నావు?"

"మరెక్కడ కూకోవాల? ఇది నా అరుగే."

"భోజనాలకి రావా?"

"పిలిసినారేటి?"

"గ్రూపులో పెట్టినాను కదా. నువ్వు బొటనేలు కూడా పెట్టినావు."

"బూరెలు బాగున్నాయని పెట్టినాను. సినిమావోళ్ల ఫొటోలకీ పెడతాను, ఆలింటికి భోజనానికెల్తన్నానేటి?"

నేను రెండు చేతులూ జోడించాను. "మావా, వంటలైనాయి. వదిన రమ్మంటన్నాది."

మాట పూర్తవక ముందే లేచాడు. "అదీ పిలుపంటే. ఒసే, వచ్చీసినాడు, పద. ఆకలికి సచ్చిపోతన్నాను." లోపల్నుంచి అత్త, పట్టుచీరలో, తాళంకప్ప చేత్తో పట్టుకునే బయటికొచ్చింది.

ఆ వరసలో మూడో ఇంట్లో మాకు పెద్దమ్మ వరసయ్యే ముసలామె ఉంది. కాలు విరిగి కట్టు కట్టుకున్న ఆమె ఫొటో నెల కిందట గ్రూపులో వస్తే నేనూ ఒక దండం పెట్టాను. అంతటితో నా పరామర్శ అయిపోయింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడితే మంచం మీదనుంచి నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వా? ఫోన్లో దండమెట్టినావట, మనవడు సూపించినాడు. ఈ కాలికి అది అందనేదు నాయినా."

నేను మంచం పక్కన కూర్చుని కాలు మీద చెయ్యి వేశాను. "తప్పయిపోయింది పెద్దమ్మా. ఇంతకు ముందే రావలసింది."

"తప్పు సంగతి తర్వాత. బూరెల్లో నెయ్యేస్తన్నారా?"

"ఏస్తన్నారు. విస్తరి ఇక్కడికి తెస్తాను."

"ఎందుకూ? ఆ డాబా నాను సూడొద్దేటి?"

పక్కింటివాళ్లని పిలిచాం. ఆమెని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, తలో వైపూ పట్టుకుని లేపాం. వీధి మధ్యలోంచి ఊరేగింపులా వెళుతుంటే ఆమె కొంగు నెత్తిన కప్పుకుని, "సక్కగా మొయ్యండిరా, దేవుణ్ణి మోసినట్టు మొయ్యండి" అంటూ అరుగుల మీద వాళ్లందరినీ పేరు పేరునా పలకరించింది.

ఆమెని మా వాకిట్లో దించి, మిగతా గుమ్మాలకి బయల్దేరాను. పక్క వీధి మొదట్లో బావ ఇల్లు. వాడు ట్రాక్టరు చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. వాడు కూడా తెల్ల చొక్కా వేసుకునే ఉన్నాడు. అది చూశాక కొంచెం ధైర్యం వచ్చింది.

"బావా, వంటలైనాయి, రా."

"నానున్నానేటి మీ ఊర్లో? తీసీసినావు కదా."

"నిన్ను తీసీడం తప్పే. నువ్వన్నది నిజం కాబట్టి తీసీసినాను."

వాడు చెవి గోక్కున్నాడు. "ఏ నిజం?"

"ఊడుపులకి రావాలన్నది."

"మరి వస్తావా ఈ ఏడు?"

"వస్తాను."

"అలగైతే ముందు నన్ను కలుపు. కలిపితే గానీ లెగను."

అక్కడే, ట్రాక్టరు పక్కన నిలబడి, చెమట చేతులతో వాణ్ణి గ్రూపులో కలిపాను. వాడు వెంటనే ఫోను పైకెత్తి నన్ను ఫొటో తీశాడు. చొక్కా వీపుకంటుకుని, పంచె మోకాళ్లదాకా దుమ్ముకొట్టుకుని ఉన్నాను. దాని కింద వాడు నోటితో చెబుతూ రాశాడు: "పిలుపు బయలెల్లింది. అందరూ సెప్పులేసుకోండి."

తర్వాత వాడు నా వెంటే వచ్చాడు. ఆ ఫొటో చూసినవాళ్లు మేం వెళ్లేసరికే గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, తాళాలు వేసి, పిల్లల్ని చంకనేసుకుని. అయినా ఒక్కరూ గడప దాటలేదు. నేను ఎదుట నిలబడి, చేతులు జోడించి, "వంటలైనాయి, రండి" అన్నాకే దిగారు. ప్రతి ఇంటి ముందూ అదే మాట. కొందరు వినపడనట్టు నటించి రెండుసార్లు అనిపించుకున్నారు. "అడ్మినుగారు కాలినడకనొచ్చినారు, దారొదలండి" అని ఒకాయన. "బాబుకి మంచినీళ్లియ్యండి, వాడిపోనాడు" అని ఇంకొకామె. గ్రూపులో రెండేళ్లలో రానన్ని కబుర్లు నాకు ఆ ఒక్క తిరుగుడులో తెలిశాయి. నీళ్లూ మజ్జిగా తాగి తాగి పొట్ట నిండిపోయింది.

ఇల్లు చేరేసరికి వాకిలి నిండిపోయి ఉంది. దప్పళం మళ్లీ కాచారు. చల్లారిన బూరెల్ని వంటాయన ఇంకోసారి మూకుట్లో వేసి తీశాడు. వదిన నేతి గిన్నె ఎవరికీ ఇవ్వలేదు. బూరెకి చిల్లు పెట్టించి, తనే వంగి నెయ్యి పోస్తూ, "ఆగు, ఇంకొంచెం" అని చేతులడ్డం పెట్టినవాళ్లకీ పోసింది. పెద్దమ్మ కుర్చీలోంచే విస్తరి ఒళ్లో పెట్టుకుని తిని, "గచ్చు నున్నగుందే, నాను మల్లీ జారి పడితే నీదే పూచీ" అంది. వదిన పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె అలా నవ్వడం చూసి, ఫొటో తియ్యాలనిపించి, జేబులోకి పెట్టిన చెయ్యి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. నీళ్ల చెంబు అందుకుని బంతిలోకి వెళ్లాను.

నేను ఆఖరి బంతిలో వంటవాళ్లతో కూర్చున్నాను. వదిన అన్నం, పప్పు, దప్పళం వడ్డించి వెళ్లిపోబోయింది.

"వదినా, బూరెలు?"

"అయిపోనాయి."

"ఒక్కటీ నేదా?"

"ఆటి ఫొటో నీ కాడున్నాది కదా. సూసుకుంటూ తిను."

పక్కన బావ పొలమారి దగ్గాడు. వాడు తింటున్నది నా వాటా బూరె అని తర్వాత తెలిసింది.

ఆ ఏడు ఊడుపులకి వెళ్లాను. నేను ఊడ్చిన మడి వంకర్ని బావ వీడియో తీసి పెట్టాడు. దానికి వచ్చినన్ని నవ్వులు మా గ్రూపులో ఇంకదేనికీ రాలేదు. వాణ్ణి కూడా అడ్మిన్‌ని చేశాను, ఇక ఎవరినీ వాడితో చెప్పకుండా తియ్యనని మాటిచ్చి. వదిన టచ్ ఫోను కొనుక్కుంది. పొద్దున్నే గులాబీలు పంపేవాళ్లలో ఇప్పుడు ముందుండేది ఆమే.

ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా ఇప్పుడు నాకు ఫోను వస్తుంది. "అడ్మినూ, పిలుపు నీదే. ఆ రోజు పాసెంజరుకి దిగిపో." పిలుపు ఆ ఇంటి తమ్ముడి పని కదా అంటే, "నువ్వు ఊరందరికీ తమ్ముడివే, సిచ్చ కింద రాసుకో" అంటారు. నాకిది శిక్షలా లేదు. ఆదివారాలు మళ్లీ రైలెక్కుతున్నాను. బావ నా ఫొటో తీసి "పిలుపు బయలెల్లింది" అని పెడతాడు, నేను నడుస్తాను. ఎవరికి కాలు బాగయిందో, ఎవరి కోడలు నీళ్లోసుకుందో గుమ్మాల దగ్గర తెలుసుకుంటాను.

మొన్న ఎదురింటి మావ కూతురి పెళ్లికి అలాగే తిరిగి, చివరికి మా డాబాకి వచ్చాను. వదిన అరుగు మీద జరీ చీర కట్టుకుని కూర్చుంది. చెప్పులు కాళ్ల పక్కనే సర్ది పెట్టి ఉన్నాయి. చేతిలో ఫోను, అందులో అప్పుడే బావ పెట్టిన నా ఫొటో. పెళ్లింటి పందిరి ఆమెకి ఎదురుగా, పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. పప్పు తిరగమోత వాసన అరుగు దాకా వస్తోంది.

"వదినా, వంటలైనాయి, రా."

ఫోను మీదనుంచి చూపు తిప్పలేదు. "ఏటీ? ఇనపడనేదు."

నేను అరుగు దగ్గరికి వెళ్లి, చేతులు జోడించి, మళ్లీ చెప్పాను. ఆమె ఫోను కొంగున ముడేసుకుని, చెప్పుల్లో కాళ్లు పెట్టింది.